గాలికి లెక్క లేదు, డీజిలుకు మాత్రం రికవరీ!

ఇంధన పొదుపు మాట ఎత్తగానే మన పై అధికారుల చూపు ముందుగా ఎవరి మీద పడుతుందో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. రైల్వేలో లోకో పైలట్ మీద, తపాలా శాఖలో మెయిల్ మోటార్ సర్వీసు డ్రైవరు మీద. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావలసి ఉండగా రాలేదు, సంజాయిషీ ఇవ్వవలెను. సంజాయిషీ తృప్తికరంగా లేదు, జీతం నుండి కోత విధించడమైనది. ఈ భాష మనకు కంఠోపాఠమై పోయింది. ట్యాంకులో పోసిన డీజిలుకు రిజిస్టరు ఉన్నది, కొలబద్ద ఉన్నది, సంతకాలు ఉన్నవి. అదే ఇంజను పీల్చిన గాలి ఎట్లా ఉన్నదో రాసే రిజిస్టరు చాలాచోట్ల లేదు. ఉన్నచోట దానిని తెరిచి చూసే నాథుడు లేడు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఆ గాలి గురించే. ఇది మెకానికల్ శాఖ వారి గొడవ అనుకొని సార్టర్లు, పోస్ట్‌మన్లు, బుకింగ్ క్లర్కులు పుట తిప్పవద్దని మనవి. మీ ఇంటి ముందు నిలబెట్టిన స్కూటరుకూ, మీ జేబుకూ ఇందులో వాటా ఉన్నది.

లెక్కతో మొదలు పెడదాము. ఒక కిలో డీజిలు పూర్తిగా మండవలెనంటే సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. లీటరు డీజిలు 840 గ్రాముల ప్రాంతంలో తూగుతుంది గనుక లీటరుకు 12 కిలోల గాలి అన్నమాట. అంత గాలి మామూలు వేడిలో పది ఘనపు మీటర్ల చోటు తీసుకొంటుంది. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గల గేటు గుమటీలో ఎంత గాలి పడుతుందో అంత గాలి ఒక్క లీటరు డీజిలుకు ఖర్చు. ఇదైనా కనీసపు లెక్క. డీజిలు ఇంజనులో ఇంధనం తుంపరలుగా పడుతుంది. ప్రతి తుంపరకూ గాలి అందడానికి దొరికే వ్యవధి సెకనులో ఎన్నో వంతు. అందుచేత లెక్కకు సరిపోయిన గాలి పనికి సరిపోదు, అంతకంటె బాగా ఎక్కువ ఉండాలి. 2600 అశ్వశక్తి గల డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజను ఎనిమిదో నాచిలో పూర్తి లోడు లాగుతున్నప్పుడు గంటకు నాలుగు వందల లీటర్లకు పైగా డీజిలు మండిస్తుంది. గంటకు కనీసం నలభై లక్షల లీటర్ల గాలి కావాలి. ఆ గాలి కొండ మీది గాలి కాదు గదా! బ్యాలస్టు రాళ్ళ పొడి, బ్రేకు బ్లాకుల నుండి రాలిన ఇనుప రజను, బొగ్గు ర్యాకుల నుండి లేచిన నుసి, సిమెంటు సైడింగుల ధూళి, అన్నీ కలిసిన గాలి.

అందుకే లోకోమోటివ్‌లో గాలి వచ్చే దారిలో కాపలాలు పెట్టినారు. మొదట సైక్లోనిక్ ఫిల్టరు గాలిని సుడి తిప్పి బరువైన ధూళిని పక్కకు విసిరివేస్తుంది. తరువాత ఇంజను రకాన్ని బట్టి ఆయిల్ బాత్ ఫిల్టరో, ప్యానెల్ ఫిల్టరో, సంచీ ఫిల్టరో సన్నని ధూళిని పట్టుకొంటుంది. ఆ పైన టర్బో. సిలిండర్ల నుండి బయటికి పోయే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని ఒత్తి లోపలికి నెడుతుంది. పారవేసే వేడితో పని చేయించుకొనే ఈ ఏర్పాటుకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు తీసుకొన్నాడు. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది, వంద డిగ్రీలు దాటిపోతుంది. వేడెక్కితే పలచబడుతుంది. పలచబడితే ఒత్తిన ప్రయోజనంలో కొంత పోతుంది. కాబట్టి ఆఫ్టర్ కూలర్ అనే పెట్టెలో నీటి గొట్టాల మధ్య నుండి నడిపించి, చల్లబరచి, అప్పుడు సిలిండరులోకి పంపుతారు. బయటి వాతావరణం కూడా తన వంతు చేస్తుంది. 15 డిగ్రీల చలి ఉదయపు గాలికీ, 45 డిగ్రీల మే నెల మధ్యాహ్నపు గాలికీ బరువులో పదింట ఒక వంతు తేడా ఉంటుంది. గుంతకల్లు ఎండలో బండి లాగినవారికి ఈ సంగతి పుస్తకం చూడకుండానే తెలుసు. సంజాయిషీ నోటీసులలో మాత్రం ఈ ఎండ ఎన్నడూ కనిపించదు.

ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా ఫలితం ఒకటే. ఫిల్టరు మూసుకుపోవచ్చు, టర్బో రెక్కలకు మసి పట్టవచ్చు, ఆఫ్టర్ కూలరుకు చమురు మురికి అంటుకోవచ్చు, మ్యానిఫోల్డు జాయింటులో గాస్కెట్టు పోయి ఒత్తిన గాలి బయటికే బుసకొట్టవచ్చు. యాంత్రిక పంపులు గల పాత ఇంజనులో ఇంధనం మాత్రం పడుతూనే ఉంటుంది. గాలి చాలని డీజిలు నల్లని పొగగా లేచిపోతుంది. లాగే శక్తి తగ్గుతుంది. ఆరో నాచిలో ఎక్కవలసిన ఎత్తుకు డ్రైవరు ఎనిమిదో నాచి పెడతాడు. అయినా సెక్షనులో టైము పోతుంది. పోయిన టైము రాబట్టడానికి మళ్ళీ నాచి. ఆ పొగను చూసినవారు స్టేషను మాస్టరు, గేట్‌మన్. కొలబద్దను చూసినవారు ఫ్యూయల్ క్లర్కు. నోటీసు అందుకొనేది డ్రైవరు.

1990 దశకం చివరిలో ఒక డీజిలు షెడ్డులో జరిగినది మాకు ఇప్పటికీ గుర్తున్నది. ఏ షెడ్డు అన్నది ఇక్కడ అనవసరం. ఒక గూడ్సు డ్రైవరుకు మూడు నెలలలో మూడు నోటీసులు వచ్చినవి. ట్రిప్ రేషను కంటె ఎక్కువ డీజిలు వాడినాడని ఆరోపణ. ఆయన పదవీ విరమణకు ఏడాదిన్నర దూరంలో ఉన్నాడు. ఆ వయసులో ఇంక్రిమెంటు ఆగితే పింఛను లెక్కకే దెబ్బ. ఆయన మా దగ్గరికి వచ్చి కోపపడలేదు. "మీరు చదువుకొన్నవారు గదా బాబూ, నా బండి ఎందుకు దగ్గుతున్నదో కొంచెం చూడండి" అన్నాడు. మేము అప్పటికి శాఖా కార్యవర్గంలో కుర్రవాళ్ళము. డిగ్రీలు ఉన్నవి గాని టర్బోకూ ఎక్స్‌ప్రెసరుకూ తేడా తెలియదు. షెడ్డులోని ఒక సీనియర్ ఫిట్టరు మాకు గురువైనాడు. ఆయన చెప్పినట్లు మూడు ట్రిప్పుల ఇంజను నంబర్లు వరుసగా రాసి చూస్తే, రెండు ట్రిప్పులు ఒకే ఇంజను మీద చేసినవి. ఆ ఇంజను లాగ్ బుక్కులో బూస్టరు ప్రెషరు తక్కువగా ఉన్నదని ఈయన రాసినాడు, ఈయన కంటె ముందు మరి ఇద్దరు డ్రైవర్లూ రాసినారు. ఎదుటి గడిలో "అటెండెడ్" అని ఒక మాట, ఒక సంతకం. ఏమి అటెండ్ అయినారో లేదు.

లోడ్ బాక్స్ పరీక్ష పెట్టవలసిందేనని మేము పట్టుబట్టినాము. ఇంజనును నిలబెట్టి, దాని కరెంటును నీళ్ళ తొట్టెలోని పలకలకు పంపి, వెనుక బండి లేకుండానే పూర్తి లోడు పెట్టి చూసే పరీక్ష అది. పదిహేను రోజులు తిప్పుకొన్న తరువాత ఒప్పుకొన్నారు. ఎనిమిదో నాచిలో బూస్టరు గేజి ముల్లు ఉండవలసిన చోటికి రానేలేదు. ఫిల్టర్లు విప్పితే తారు పూసినట్లున్నవి. మార్చవలసిన గడువు దాటి రెండు షెడ్యూళ్ళు అయినవి. స్టోర్సులో సరుకు లేదు, ఇండెంటు పై ఆఫీసులో ఉన్నది. ఒక జాయింటు మీద సబ్బు నురుగు పూయగానే బుడగలు లేచినవి. మా గురువు ఆ బుడగల వంక చూసి, "ఇదిగో, మీ డ్రైవరు తాగేసిన డీజిలు" అన్నాడు. నోటీసులు రద్దయినవి. అయితే రద్దు చేసిన కాగితంలో "హెచ్చరించి వదిలివేయడమైనది" అని రాసినారు. ఎవరిని, దేనికి హెచ్చరించినట్లో నేటికీ మాకు బోధపడలేదు.

మన డ్రైవర్లందరూ నిర్దోషులని మేము వాదించడం లేదు. దిగుడులో నాచి దించకుండా తోలేవారు, ముందు సిగ్నలు ఎర్రగా ఉన్నదని తెలిసి కూడా వేగం పెంచి చివర బ్రేకు కొట్టేవారు మనలో ఉన్నారు. తోలే తీరు వల్ల డీజిలు ఖర్చు మారుతుందన్నది నిజం. ఈ మాట యూనియను వేదిక మీద ఒప్పుకోవడానికి మాకు సంకోచం లేదు. మేము అడిగేది ఒక్కటే: తోలే తీరుకు ఎంత, ఇంజను స్థితికి ఎంత అని విడదీసి చూడకుండా మొత్తం డబ్బు ఒక్కడి జీతంలో రాబట్టడం ఏ న్యాయం?

గాలిదారిని మార్చి ఇంధనం ఆదా చేయడం నిజంగా సాధ్యమేనా అని అడిగేవారికి మన రైల్వే చరిత్రే జవాబు. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ రూపకల్పనతో 1962లో మన దేశానికి వచ్చిన డబ్ల్యు.డి.ఎం.-2ను వారణాసి కర్మాగారం 1964 జనవరి నుండి ఇక్కడే తయారు చేసి ఇచ్చింది. అదే పదహారు సిలిండర్ల ఇంజను 1990 దశకంలో 3100 అశ్వశక్తి ఇచ్చే స్థితికి వచ్చి డబ్ల్యు.డి.ఎం.-3ఎ అనిపించుకొన్నది. సిలిండర్లు పెరగలేదు. లక్నోలోని ఆర్.డి.ఎస్.ఓ. పరీక్షా వేదికల మీద మెరుగైన టర్బోలు, పెద్ద ఆఫ్టర్ కూలర్లు, వాల్వులు తెరుచుకొని ఉండే వ్యవధిని మార్చే క్యాములు, పెద్ద ప్లంజరు గల ఇంధన పంపులు అమర్చి, కొలిచి, మార్చి, మళ్ళీ కొలిచినారు. అశ్వశక్తికి పట్టే డీజిలు తగ్గింది. పాత ఇంజన్లను పటియాలాలో తిరిగి నిర్మించినప్పుడు వాటికీ ఈ మార్పులు చేసినారు. ఇందులో గాలిని ఒక్కదానినే ముట్టుకోలేదన్నది గమనించాలి. గాలి ఎక్కువగా పంపితే, దానికి తగినట్లు ఇంధనం పడే తీరు, వాల్వుల తీరు, చల్లబరిచే తీరు అన్నీ కలిపి మార్చినారు. నిపుణులు గీసినారు, ఫిట్టర్లు బిగించినారు, వేదిక మీద కొలత చెప్పింది. ఆదా అప్పుడు వచ్చింది.

దీని పక్కన అంగట్లో అమ్మే "మైలేజి పెంచే" సరుకును పెట్టి చూడండి. కొంతకాలం క్రిందట మన సభ్యుల సహకార పరపతి సంఘం ఒకదానికి ఒక ఏజెంటు వచ్చినాడు. అతని సంచీలో రేకుతో చేసిన పంకా రెక్కల వంటి ఉంగరం. ఫిల్టరు తరువాత గొట్టంలో దానిని దూర్చితే గాలి సుడి తిరిగి పెట్రోలు పూర్తిగా మండుతుందట, మైలేజి నూటికి ఇరవై అయిదు పెరుగుతుందట. సభ్యులకు వాయిదాల మీద ఇప్పించి, వాయిదా సొమ్ము జీతంలో పట్టుకోవలసిందిగా సంఘాన్ని కోరినాడు. కొందరు సభ్యులు ఇప్పించమనే అన్నారు. పెట్రోలు లీటరు నూరు రూపాయలు దాటిన తరువాత, నెలాఖరుకు స్కూటరును నెట్టుకొంటూ పోయే మనిషికి ఆ ఉంగరం మీద ఆశ కలగడంలో వింత లేదు.

కాని లెక్క ఒప్పుకోదు. మంచి స్థితిలో ఉండి వేడెక్కిన పెట్రోలు ఇంజను తనలో పడిన పెట్రోలులో నూటికి 98 పాళ్ళ ప్రాంతంలో ఇప్పటికే మండిస్తున్నది. మిగిలిన రెండు పాళ్ళను మండించి ఇరవై అయిదు పాళ్ళ ఆదా ఎక్కడి నుండి తెస్తారు? పెట్రోలు శక్తిలో పెద్ద భాగం సైలెన్సరు నుండి, ఇంజను ఒంటి నుండి వేడిగా పోతున్నది; ఆ వేడిని రేకు ఉంగరం ఆపలేదు. పైగా అది తిప్పిన సుడి థ్రాటిల్ రేకు, గొట్టం వంపులు, వాల్వు దాటే సరికి చెదిరిపోతుంది; దారిలో మిగిలేది ఒక అడ్డంకి. అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. ఇంధనం ఆదా చేస్తామని చెప్పుకొనే పరికరాలను వందకు పైగా పరిశీలించింది. వాటిలో గాలిదారిలో పెట్టేవీ ఉన్నవి. మైలేజిని చెప్పుకోదగినంతగా పెంచేది ఒక్కటీ తేలలేదు. మరి వాడినవారు "నాకు పెరిగింది" అంటారే? పెరిగి ఉండవచ్చు. డబ్బు పోసి కొన్న రోజు నుండి మనిషి మైలేజి రాసుకొంటాడు, నెమ్మదిగా నడుపుతాడు, టైర్లలో గాలి చూసుకొంటాడు. ఆ పుణ్యం ఉంగరానికి పోతుంది. పరపతి సంఘం ఆ ప్రతిపాదనను త్రోసిపుచ్చింది. మంచి పని చేసింది.

సభ్యుల సొంత బండ్ల విషయంలో ఇంకొక మాట. కార్బురేటరు గల పాత స్కూటరులో ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజి పడిపోతుంది. ఫిల్టరు శుభ్రం చేసుకొంటే ఆ నష్టం తీరుతుంది. కొత్త బండ్ల సంగతి వేరు. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 ప్రమాణాలు అమలైన తరువాత వచ్చిన ద్విచక్ర వాహనాలలో దాదాపు అన్నిటికీ ఇంజెక్షన్ పద్ధతే. వచ్చిన గాలికి తగినంత పెట్రోలే పడేట్లు సెన్సర్లు చూసుకొంటాయి. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఇటువంటి పెట్రోలు కార్లకు కావాలని మూసుకుపోయిన ఫిల్టర్లు పెట్టి చూసింది. మైలేజి దాదాపు మారలేదు, వేగం అందుకొనే శక్తి మాత్రం తగ్గింది. కాబట్టి కొత్త బండికి ఖరీదైన ఫిల్టరు వేసి మైలేజి కోసం ఎదురు చూడడం డబ్బు దండగ. అట్లాగని ఫిల్టరు తీసివేయడం, శబ్దం కోసం దాని పెట్టెకు బెజ్జాలు కొట్టించడం మరీ తప్పు. మన దుమ్ములో ఇసుక ఉన్నది. అది లోపలికి పోతే రింగులనూ సిలిండరు గోడలనూ అరగదీస్తుంది. మన ఇళ్ళలోని కుర్రకారుకు ఈ సంగతి చెప్పేవారు కావాలి.

మెయిల్ మోటార్ సర్వీసు సోదరుల పరిస్థితి రైల్వే డ్రైవర్ల కంటె మెరుగుగా లేదు. రాత్రి రైలుకు సంచులు అందించాలని నగరపు రద్దీలో ఆగుతూ సాగుతూ పోయే వ్యాను, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద పోయే వ్యాను లీటరుకు ఒకే దూరం ఇవ్వాలనడమే విడ్డూరం. బండి వయసు, ఇంజెక్టర్ల స్థితి, ఎయిర్ ఫిల్టరు ఎన్నడు మార్చినారన్నది ఎవరూ చూడరు. ఇటీవల మా కార్యాలయానికి వచ్చిన ఒక రికవరీ నోటీసుకు జవాబుగా ఆ బండి ఫిల్టరు మార్చిన తేదీ తెలుపవలసిందిగా కోరినాము. ఈ పంక్తులు రాసే నాటికి జవాబు రాలేదు.

ఫిల్టర్లు కడిగే చేతుల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి. వేడి కాస్టిక్ నీటి తొట్టెలో ప్యానెళ్ళను ముంచి తీసేవాడు, గాలి గొట్టంతో ధూళి ఊదేవాడు ఒకప్పుడు ఖలాసీ. నేడు చాలాచోట్ల కాంట్రాక్టు కార్మికుడు. ఇంజను పీల్చకూడని ధూళిని అతడు పీలుస్తున్నాడు. ముక్కుకు కట్టుకొనేది అతని తువ్వాలే. చేతికి తొడుగు ఉంటే ఉన్నది, లేకపోతే లేదు. కాంట్రాక్టరుకు బిల్లు ఫిల్టర్ల సంఖ్య మీద అయితే, ఎన్ని తొందరగా ముంచి తీస్తే అన్ని లెక్క. సగం కడిగిన ఫిల్టరు మళ్ళీ ఇంజనులోకే పోతుంది. ఇంజను ఊపిరి కోసం లక్షలు వెచ్చించే యాజమాన్యానికి ఒక మనిషి ఊపిరి కోసం మంచి మాస్కు కొనడం ఎందుకు బరువైనదో మేము పలుమార్లు అడిగినాము.

డీజిలు రోజులు పోయినవి గదా, ఇప్పుడీ గొడవ ఎందుకని ఒక అధికారి మాతో అన్నారు. బ్రాడ్ గేజి విద్యుదీకరణ దాదాపు పూర్తయిన మాట నిజం. వారణాసి కర్మాగారం 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని పేరు మార్చుకొని విద్యుత్ ఇంజన్లు చేస్తున్నది. అయినా యార్డులలో షంటింగు ఇంజన్లు, టవర్ వ్యాగన్లు, ప్రమాద సహాయపు క్రేన్లు డీజిలు మీదే నడుస్తున్నవి. తపాలా వ్యాన్లు సరేసరి. అంతకు మించి, ఇంజను మారినంత మాత్రాన అలవాటు మారదు. డీజిలు లీటర్లకు బదులు రేపు కరెంటు యూనిట్లు లెక్కగట్టి అదే నోటీసు, అదే గడి, అదే సంతకం రాకుండా ఇప్పుడే పద్ధతి స్థిరపరచుకోవాలి.

ఇంధనం ఎక్కువ ఖర్చయిందని ఏ ఉద్యోగికైనా నోటీసు ఇచ్చేముందు ఆ బండి గాలి ఫిల్టరు మార్చిన తేదీ, బూస్టరు ప్రెషరు గల ఇంజనుకు ఆ రీడింగు, ఆ లోపం గురించి లాగ్ బుక్కులో అంతకు ముందు ఉన్న ఫిర్యాదులు నోటీసుతో జతపరచాలని ఫెడరేషను కోరుతున్నది. అవి లేని నోటీసుకు సంజాయిషీ ఇవ్వడానికి బదులు వాటి నకళ్ళు ఇప్పించవలసిందిగా లిఖితంగా కోరండి. ఆ ఉత్తరం నమూనా జిల్లా, డివిజను కార్యాలయాలలో దొరుకుతుంది. శాఖా కార్యదర్శులు తమ పరిధిలో గత రెండు సంవత్సరాలలో వచ్చిన ఇంధన రికవరీ ఉత్తర్వులను, ఆయా బండ్ల ఫిల్టరు రికార్డులను సేకరించి, వచ్చే కార్యవర్గ సమావేశానికి పది రోజుల ముందుగా మాకు చేర్చవలెను. లాగ్ బుక్కులో "అటెండెడ్" అని మాత్రమే ఉన్న పుటల నకళ్ళను విడిగా ఒక కట్టగా కట్టి పంపండి. అవే మాకు ఎక్కువ అవసరం.